తెలుపు వేరు, మెరుపు వేరు

తెల్లకొంగని ఫోటో తీయడం చాలా ఈజీ అనుకుంటారు. నిజమే, పిచ్చుకలాగా కంగారు పెట్టదు. మోకాలి లోతు నీళ్లలో ఎంతసేపైనా కదలకుండా నిలబడుతుంది. ఫోన్‌తో తీసినా ఫ్రేములో పడుతుంది. కానీ ముక్కున చేప పట్టుకున్న తెల్లకొంగని, మే నెల ఎండలో, ఈక ఈకలాగా, చేప చేపలాగా కనబడేటట్టు తీయడం వేరే లెక్క. అక్కడ ఫ్రేములో పక్షి తెలుపు ఉంటుంది, చేప వెండి మెరుపు ఉంటుంది, వెనకాల నీళ్లేమో నల్లగా ఉంటాయి. ఇవన్నీ కెమెరాకి ఎలా కనిపిస్తాయి, మనం దానికి ఎలా చెప్పాలి అన్నదే ఈ వ్యాసం. మధ్యలో మా పెదనాన్న చెరువు, ఒక తగాదా కూడా వస్తాయి. ఆ తగాదా లేకపోతే నేను హైలైట్స్ గురించి ఇంత పట్టించుకునేదాన్ని కాదు.

ఒక మాట ముందే చెప్తున్నా. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే. షట్టర్, ఎక్స్‌పోజర్ లాంటి మాటలకి తెలుగు వెతకలేదు, మనం క్యాంటీన్లో మాట్లాడుకునేటట్టే రాశాను. చేపల పేర్లు, పక్షుల పేర్లు మాత్రం పెదనాన్నవాళ్ల ఊళ్లో విన్నవే.

పెదనాన్న కైకలూరు దగ్గర రెండు చేపల చెరువులు లీజుకి తీసుకుని చేస్తున్నారు. అవి కొల్లేరు అభయారణ్యం హద్దుకి బయట ఉన్నాయి. 1999లో ప్లస్ 5 కాంటూర్ వరకు 308 చదరపు కిలోమీటర్ల కొల్లేరుని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో హద్దు లోపలున్న చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ ఊళ్లలో చిన్నపిల్లలకి కూడా కాంటూర్ అనే మాట తెలుసు. ఆటపాకలో గూళ్లు కట్టే గూడబాతులకి, ఊరి చెట్ల మీద పడుకునే కొంగలకి మాత్రం తెలీదు. ఎక్కడ నీళ్లు తక్కువగా ఉండి చేప అందుతుందో అక్కడ దిగుతాయి.

పెదనాన్న చెరువుల్లో ఒకటి పెద్దది. అందులో అరకేజీ దాటిన బొచ్చెలు, శీలావతులు ఉన్నాయి. రెండోది చిన్న సీడ్ చెరువు, అందులో వేలెడంత చేపపిల్లలు. కొంగలు రెండిట్లోనూ దిగుతాయి. పెదనాన్న దృష్టిలో కొంగ అంటే దొంగ. పొద్దున్నా సాయంత్రం టపాసులు కాల్పించేవారు. చెరువు కాపలా ఉండే తాత మాట వేరు. "పెద్ద చెరువులో అయ్యి మన చేపని ముట్టుకోవండీ, పరిగెలు ఏరుకుంటాయంతే" అనేవాడు. ఈ వేసవి సెలవుల్లో నేను వెళ్లేసరికి ఈ వాదన బాగా ముదిరింది. పక్క చెరువుల వాళ్లెవరో మందు పెడదామన్న మాట కూడా ఎత్తారట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కొంగని చంపడం నేరం. అది పెదనాన్నకీ తెలుసు, ఆయన ఒప్పుకోలేదు. కానీ సీడ్‌కి పెట్టిన డబ్బు కళ్లముందే కొంగ గొంతులోకి పోతోందన్న బాధ ఆయనది.

తాత సాక్ష్యంగా ఫోన్లో ఒక ఫోటో చూపించాడు. నల్లటి నీళ్లు, మధ్యలో తెల్లటి మచ్చ, ఆ మచ్చకి అడ్డంగా చిన్న తెల్లటి గీత. "శీలావతి పిల్లే అది" అన్నారు పెదనాన్న. "కాదండీ, పరిగండీ" అన్నాడు తాత. ఇద్దరూ జూమ్ చేసి చూశారు. నేనూ చూశాను. ఆ ఫోటోలో సమాధానం లేదు. చేప ఉండాల్సిన పిక్సెల్స్‌లో 255, 255, 255 ఉంది.

"ఏమ్మా, నీ దగ్గర పెద్ద కెమెరా ఉందిగా. నువ్వు తేల్చు" అన్నారు పెదనాన్న. ఆ పెద్ద కెమెరా మా బాబాయ్ వాడి పక్కనపెట్టిన నికాన్ డి5600, దానికో 70-300 లెన్స్. పక్షుల ఫోటోగ్రాఫర్ల లెక్కలో అది చాలా చిన్న సరంజామా. కానీ ఇక్కడ కావాల్సింది అందమైన ఫోటో కాదు. చేప ఏదో గుర్తుపట్టగలిగితే చాలు.

ముందు ఫోన్లో తెల్ల మచ్చ ఎందుకు వచ్చిందో చూద్దాం. ఏ కెమెరాకైనా ఎదురుగా ఉన్నది కొంగో, గేదో, నీళ్లో తెలీదు. సుమారుగా చెప్పాలంటే, సీన్ మొత్తం కలిపి సగటు తీస్తే మధ్యస్తం బూడిద రంగు రావాలని దాని నమ్మకం. చెరువు ఫోటోలో తొంభై శాతం నల్లటి నీళ్లే. కెమెరా దాన్ని చూసి "అబ్బో, చీకటిగా ఉంది" అనుకుని మొత్తం వెలుతురు పెంచేస్తుంది. నీళ్లు బూడిద రంగుకి వస్తాయి. అప్పటికే తెల్లగా ఉన్న కొంగ హద్దు దాటి బర్న్ అయిపోతుంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఫోటోగ్రఫీ వీడియోల్లో చాలామంది "తెల్లటి వస్తువైతే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్లస్ పెట్టండి" అంటారు. మంచు కొండలకి అది కరెక్టే, ఎందుకంటే అక్కడ ఫ్రేమంతా తెలుపు. కొంగ ఫ్రేము నిండా ఉన్నా కరెక్టే, దాని వెనక తెల్లటి ఆకాశం ఉన్నా కరెక్టే. అప్పుడు కెమెరా "ఎక్కువ వెలుగుంది" అని తగ్గించి కొంగని మురికి బూడిద చేస్తుంది కాబట్టి మనం పెంచాలి. కానీ నల్లటి నీళ్లలో చిన్నగా కనిపించే కొంగకి పెట్టాల్సింది మైనస్. అదే కొంగ, అదే ఎండ. అది నాలుగడుగులు నడిచి గట్టు దగ్గరి ఎండుగడ్డి ముందుకి వస్తే కెమెరా లెక్క మళ్లీ మారిపోతుంది.

ఇంకాస్త ఆలోచిస్తే అర్థమవుతుంది: మారింది బ్యాక్‌గ్రౌండ్ మాత్రమే. కొంగ మీద పడే ఎండ మారలేదు. మరి ఎక్స్‌పోజర్ ఎందుకు మారాలి? అందుకే మాన్యువల్ మోడ్. మబ్బు అడ్డం రానంతవరకు, సూర్యుడు బాగా పైకి ఎక్కనంతవరకు ఒకే సెట్టింగ్. కొంగ ఎక్కడికైనా నడవనీ, దాని తెలుపు ఒకేలా పడుతుంది.

ఆ సెట్టింగ్ దొరకబుచ్చుకోవడానికి ఫిల్మ్ కెమెరాల కాలం నాటి సూత్రం ఒకటి ఉంది, సన్నీ 16. నిండు ఎండలో అపర్చర్ ఎఫ్/16 పెడితే షట్టర్ స్పీడ్ ఐఎస్ఓ అంకె దగ్గర ఉండాలి. ఐఎస్ఓ 400 అయితే సెకనులో 1/400. దాన్నే ఎఫ్/8కి మారిస్తే 1/1600. ఇది మామూలు వస్తువులకి. తెల్ల ఈక మధ్యస్తం బూడిద కన్నా దాదాపు రెండు స్టాప్‌లు పైన ఉంటుంది, అంటే అప్పటికే హద్దు దగ్గరే ఉంటుంది. అందుకని ఇంకో మూడింట రెండొంతుల స్టాప్ తగ్గించి 1/2500 పెట్టుకుంటాను. కదిలే ముక్కుకి కూడా ఆ స్పీడ్ పనికొస్తుంది. పొద్దున ఆరుగంటలకి అంత ఎండ ఉండదు కాబట్టి ఆ టైంలో ఒక టెస్ట్ షాట్ తీసి, హైలైట్ వార్నింగ్ ఆన్ చేసి చూస్తాను. బర్న్ అయిన చోట స్క్రీన్ మీద నలుపు తెలుపులుగా మినుకుతుంది. కొంగ వీపు మినుకుతుంటే ఇంకాస్త తగ్గించాలి.

హిస్టోగ్రామ్ చూసేటప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ విడివిడిగా చూడాలి. పొద్దుటి ఎండ బంగారు రంగులో ఉంటుంది కదా, అప్పుడు ముందు గోడకి తగిలేది ఎరుపు చానెలే. మొత్తం కలిపి చూపించే గ్రాఫ్‌లో అది దాక్కుంటుంది.

తగ్గిస్తే నీడలు నల్లగా పోవా అని అడగొచ్చు. కొంచెం పోతాయి, తర్వాత పైకి తీసుకురావచ్చు. తెలుపు మాత్రం ఒకసారి పోతే రాదు. ఇది సీఎస్ వాళ్లకి ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: క్లిప్పింగ్ అనేది మెనీ-టు-వన్ ఫంక్షన్, దానికి ఇన్వర్స్ లేదు. 14 బిట్ రా ఫైల్‌లో ఒక్కో పిక్సెల్‌కి 0 నుంచి 16383 వరకు విలువలు ఉండొచ్చు. 17000 రావాల్సిన ఈక అంచుకీ, 30000 రావాల్సిన ఈక మధ్యభాగానికీ ఒకే అంకె పడితే, ఆ రెండిటి మధ్య తేడా ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. ఒక చానెల్ మాత్రమే పోతే మిగతా రెండిటిని బట్టి ఊహిస్తుంది. మూడూ పోతే ఊహించడానికి కూడా ఏమీ ఉండదు. జేపెగ్‌లో అయితే విలువలు 256 మాత్రమే, ఇంకా ఇరుకు.

ఇప్పుడు ఏఐ టూల్స్ ఉన్నాయిగా, ఈకలు గీసిపెడతాయి అనొచ్చు. గీస్తాయి. చేపని కూడా గీస్తాయి. కానీ అది ఏ చేప అని పెదనాన్న అడిగితే ఆ టూల్ నాకిచ్చేది సమాధానం కాదు, దాని ట్రైనింగ్ డేటాలో ఎక్కువగా కనిపించిన చేప. వాల్‌పేపర్‌కి పర్లేదు. సాక్ష్యానికి పనికిరాదు.

అలాగని ఫోటోలో ఎక్కడా బర్న్ ఉండకూడదని కాదు. తెలుపు వేరు, మెరుపు వేరు. కొంగ ఈక మీద ఎండ పడి అన్నివైపులకీ చెదురుతుంది. అది తెలుపు, అందులో గీతలుంటాయి, నీడలుంటాయి, దాన్ని కాపాడుకోవాలి. తడి చేప మీద, నీటిచుక్క మీద కనిపించేది సూర్యుడి ప్రతిబింబమే, ముక్కలు ముక్కలుగా. చేప పొలుసు వెండిలా మెరవడానికి కారణం చర్మంలో ఉండే గ్వానిన్ అనే పదార్థం. సన్నటి పలకల్లాంటి దాని స్ఫటికాలు అద్దాల్లాగా పనిచేస్తాయి. ఆ అద్దంలో సూర్యుడు కనిపించిన చోట బర్న్ అవ్వాల్సిందే. దాన్ని కూడా కాపాడదామని ఎక్స్‌పోజర్ తగ్గిస్తూ పోతే కొంగ బూడిద కాకి అవుతుంది. చేప ఒంటి మీద రెండు మూడు మెరుపు చుక్కలు పోయినా పర్లేదు. తల, మూతి, రెక్కలు, తోక కనబడాలి. గుర్తుపట్టేది వాటితోనే. బొచ్చె పిల్లకి తల పెద్దది, నోరు పైకి తిరిగి ఉంటుంది. శీలావతికి తల చిన్నది, రెక్కల్లో ఎర్రటి ఛాయ. జెల్లకి మీసాలు. మట్టగిడసకి పాము లాంటి తల.

సూర్యుడు నా వీపు వెనక తక్కువ ఎత్తులో ఉంటే ఈ మెరుపులు తక్కువ, ఈకల్లో వివరం ఎక్కువ. ఎనిమిది దాటాక మే ఎండ నిట్టనిలువుగా పడి కొంగ వీపు తెల్లగా మండుతుంది, పొట్ట కింద నల్లటి నీడ. ఆ టైంకి నేను ఇంటికొచ్చి టిఫిన్ తినేదాన్ని.

సెట్టింగ్ కుదిరాక మిగిలేది పక్షి. నిజానికి ఎక్కువ టైం పట్టేది ఇదే. చిన్న తెల్లకొంగకి ముక్కు నలుపు, కాళ్లు నలుపు, పాదాలు మాత్రం పసుపు. ఒక కాలితో బురదని కెలికి చేపల్ని బెదరగొడుతుంది, అవి కదలగానే పొడుస్తుంది. పెద్ద తెల్లకొంగ అలా హడావిడి పడదు. మెడ ముందుకి చాచి ఆగుతుంది, తల కొంచెం పక్కకి వంచుతుంది. మెడ మెల్లగా ఎస్ ఆకారంలోకి ముడుచుకుంటే ఇక దెబ్బ పడబోతోందని అర్థం. గుడ్డి కొంగ అయితే గట్టు రంగులో కలిసిపోయి కూర్చుంటుంది, ఎగిరేవరకూ దానికి తెల్ల రెక్కలున్నాయని కూడా తెలీదు. ఎక్స్‌పోజర్ దాని గోధుమరంగు వీపుకి పెట్టుకుంటే, రెక్క విప్పిన క్షణంలో తెలుపు మొత్తం పోతుంది. అందుకే గుడ్డి కొంగకి కూడా తెల్లకొంగ సెట్టింగే.

పొడిచే క్షణం నా కెమెరాకి అందదు. అది సెకనుకి ఐదు ఫ్రేములు తీస్తుంది, దెబ్బ రెండు ఫ్రేముల మధ్యలో అయిపోతుంది. నాకు కావాల్సింది ఆ తర్వాత. కొంగ చేపని అడ్డంగా పట్టుకుంటుంది. అలాగే మింగితే రెక్కల ముళ్లు గొంతులో గుచ్చుకుంటాయి. అందుకని ఎగరేసి పట్టుకుని, తిప్పి, తల ముందు లోపలికి పోయేటట్టు సర్దుకుంటుంది. పెద్ద చేపైతే ఒకటి రెండుసార్లు నీళ్లలో ముంచి తీస్తుంది. ఆ కొద్ది సెకన్లే మనవి. అప్పుడు పక్షి పక్కకి తిరిగి ఉంటే చేప మొత్తం కనిపిస్తుంది.

నత్తల కొంగలు కూడా వచ్చేవి. ఇంగ్లిష్‌లో ఓపెన్‌బిల్ అంటారు. పైముక్కు, కిందిముక్కు మధ్యలో సందు ఉంటుంది. పిల్లలకి ఆ సందు ఉండదు, పెరిగాక వస్తుంది. గుల్ల పగలగొట్టకుండానే లోపలి నత్తని లాగేస్తుంది. దాని ఒళ్లు బూడిద తెలుపు, రెక్కలు నలుపు, నత్తగుల్ల ముదురు రంగు. తెల్లకొంగ సెట్టింగ్‌తో తీస్తే ఇది కాస్త డల్‌గా వచ్చింది కానీ వివరం ఎక్కడా పోలేదు. నత్తల కొంగ విషయంలో మాత్రం పెదనాన్నకి అభ్యంతరం లేదు.

గట్టు మీద నిలబడితే కొంగలు ఎగిరిపోతాయి. అందుకని తవుడు బస్తాల వెనక కూర్చుని, లెన్స్ నీటికి దగ్గరగా పెట్టుకుని తీశాను. ఎర వేయలేదు, రాళ్లు విసిరి లేపలేదు. టపాసులు మాత్రం ఆ మూడు వారాలు పొద్దున పూట ఆపమని అడిగితే పెదనాన్న గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు.

మూడు వారాల తర్వాత ఒక రాత్రి భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. పెదనాన్న కళ్లజోడు పెట్టుకుని ఒక్కో ఫోటో తానే జూమ్ చేసుకుని చూశారు. "ఇది పరిగె. ఇదీ పరిగే. ఇది జెల్ల. ఇదేంటి, కప్ప. ఇది మట్టగిడస." తాత గుమ్మం దగ్గర కూర్చుని ఏమీ మాట్లాడకుండా వింటున్నాడు. పెద్ద చెరువు గట్టున తీసిన వాటిలో ఒక్కటి కూడా బొచ్చె లేదు, శీలావతి లేదు. ఆ తర్వాత సీడ్ చెరువు ఫోల్డర్ తెరిచాం. మొదటి ఫోటోలోనే పెద్ద తల, పైకి తిరిగిన నోరు. "చూశావా, నా బొచ్చె" అన్నారు పెదనాన్న. అందులో సగం పైన ఆయనవే.

అంటే ఇద్దరి మాటా నిజమే, చెరువులు వేరు అంతే.

ఇది రీసెర్చ్ కాదని నాకు తెలుసు. మూడు వారాలు, ఒక కెమెరా, పొద్దున పూట మాత్రమే. పైగా శాంపిల్‌లో బయాస్ ఉంది. చిన్న చేపని కొంగ వెంటనే మింగేస్తుంది, పెద్ద చేపని తిప్పుకోవడానికి టైం తీసుకుంటుంది. కాబట్టి నా ఫోటోల్లో పెద్ద చేపలే ఎక్కువ పడాలి. అలా పెద్ద చేపల వైపు మొగ్గిన శాంపిల్‌లో కూడా పెద్ద చెరువులోని పెంపకం చేప ఒక్కటీ పడలేదు. ఈ మాట పెదనాన్నకి చెప్తే కాసేపు ఆలోచించి, "అరకేజీ చేప దాని గొంతులో ఎక్కడ దూరుద్దిలే" అన్నారు. ఆ ముక్క తాత ఎప్పటినుంచో చెప్తున్నాడు.

మర్నాడు సీడ్ చెరువు మీద వల కట్టించారు. కొంగ కాలు చిక్కుకోకుండా బిగువుగా లాగి కట్టమని తాత దగ్గరుండి చూశాడు. పెద్ద చెరువు దగ్గర కొంగలకి టపాసులు మానేశారు. నీటికాకుల గుంపు దిగితే మాత్రం ఇప్పటికీ కాలుస్తున్నారు. అవి మునిగి వేటాడతాయి, లోతుకి పోతాయి, కొంగలకి అందని చేప వాటికి అందుతుందని పెదనాన్న వాదన. దానికి నా దగ్గర ఫోటోలు లేవు కాబట్టి నేనేమీ మాట్లాడలేదు.

కెమెరా లేనివాళ్లు ఫోన్‌తో కూడా ఇది చేయొచ్చు. స్క్రీన్ మీద కొంగని తాకండి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కిందికి లాగండి, ఈకల మధ్య గీతలు కనపడేవరకు. నీళ్లు నల్లబడతాయి, పడనివ్వండి. మన హాస్టల్ వెనక కుంటలో పొద్దున్నే రెండు గుడ్డి కొంగలు ఉంటాయి, ప్రాక్టీసుకి అవి చాలు.

సంక్రాంతి సెలవులకి నేను మళ్లీ వెళ్తున్నాను, ఈసారి నీటికాకుల కోసం. ఒళ్లంతా నలుపు, ముక్కున వెండి చేప. నల్ల ఈకల్లో వివరం కోసం వెలుతురు పెంచితే చేప పోతుంది, చేప కోసం తగ్గిస్తే పక్షి పోతుంది. పెదనాన్నకి కావాల్సింది మాత్రం చేపే.